రాసిఖ్: వేళ్లూనిన ఒక మాట

ఉర్దూలో 'రాసిఖ్' అని ఒక మాట ఉంది. వేళ్లూనినది, లోపలికంటా దిగబడినది, కదిలించడానికి వీల్లేనిది అని దాని అర్థం. మన ఇళ్లలో రోజూ వినపడే మాట కాదు. ఇంట్లో అయితే 'దిల్ మే బైఠ్ గయా' అంటాం, 'ఘర్ కర్ గయా' అంటాం. రాసిఖ్ అనే మాట మస్జిద్‌లో బయాన్ చేసే మౌల్వీ సాబ్ నోట వినపడుతుంది. ఉర్దూ పత్రిక సంపాదకీయంలో కనపడుతుంది. ఒక మనిషి దీన్‌లో గట్టివాడని చెప్పాలంటే 'రాసిఖుల్ అఖీదా' అంటారు. అది పొగడ్త. అదే పత్రికలో పక్క కాలమ్‌లో ముసల్మాన్ల మీద తఅస్సుబ్, అంటే దురభిప్రాయం, జనం జెహన్‌లో 'రాసిఖ్' అయిపోయిందని రాస్తారు. అది ఫిర్యాదు. మన గొప్ప చెప్పుకోవడానికీ అదే మాట, మన మీద జరుగుతున్న అన్యాయం చెప్పుకోవడానికీ అదే మాట.

రెండు భాషల మధ్య కూర్చుని వార్తలు రాసే నాలాంటి వాళ్లకు ఈ మాటను తెలుగు చేయాల్సి వచ్చినప్పుడల్లా ఒక చిక్కు వస్తుంది. మొదటిచోట 'దృఢ విశ్వాసం' అని రాస్తాం. రెండోచోట 'పాతుకుపోయింది' అని రాస్తాం. ఆ రెండూ ఒకే మాట అని తెలుగు పాఠకుడికి తెలిసే వీల్లేదు. మనలోని గట్టిదనమూ, మన మీద ఉన్న దురభిప్రాయపు గట్టిదనమూ ఒకే క్రియ అని మన ఉర్దూ పాఠకుడికి తెలిసినా, అతను దాని గురించి ఆలోచించడు. ఆ రెంటినీ ఒకచోట పెట్టి చూద్దామన్నదే ఇక్కడ నా ప్రయత్నం.

మాట అరబ్బీది. ఖురాన్‌లో ఇది రెండేచోట్ల వస్తుంది. మూడో సూరా ఆలి ఇమ్రాన్‌లో ఏడో ఆయత్, నాలుగో సూరా అన్నిసాలో నూట అరవై రెండో ఆయత్. రెండుచోట్లా అది ఇల్మ్‌తోనే కలిసి వస్తుంది. 'ఇల్మ్‌లో రాసిఖ్ అయినవాళ్లు' అంటే జ్ఞానంలో వేళ్లూనినవాళ్లు.

మొదటి ఆయత్ మీద మన ముఫస్సిర్లు పన్నెండు పదమూడు వందల ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు. గ్రంథంలో స్పష్టమైన వాక్యాలున్నాయి, పలురకాల అర్థాలకు అవకాశమున్న వాక్యాలూ ఉన్నాయి, ఆ రెండో రకం వాక్యాల అసలు భావం ఎవరికి తెలుసు అన్నది అక్కడి విషయం. ఒక పఠనంలో వాక్యం అల్లాహ్ పేరు దగ్గర ఆగిపోతుంది. భావం ఆయనకే తెలుసు, రాసిఖ్ అయినవాళ్లు తమకు తెలియదని ఒప్పుకుని విశ్వసిస్తారు. మరో పఠనంలో వాక్యం ఆగదు. అల్లాహ్‌కూ, జ్ఞానంలో రాసిఖ్ అయినవాళ్లకూ తెలుసు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలన్న ఒక్క తేడాతో మనిషి బుద్ధికి ఎంత చోటివ్వాలన్న ప్రశ్న తేలుతుంది. పన్నెండో శతాబ్దపు కార్డోబాలో ఇబ్న్ రుష్ద్ తన 'ఫస్లుల్ మఖాల్'లో రెండో పఠనాన్నే పట్టుకున్నాడు. తర్కంతో, రుజువుతో ఆలోచించేవాళ్లే ఆ రాసిఖ్‌లు అన్నాడు. చాలామంది ఉలమా ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా వాదం మిగిలింది. ఏ పఠనం తీసుకున్నా ఒకటి మాత్రం స్పష్టం. తమకు తెలిసినదేదో, తెలియనిదేదో తేడా తెలిసినవాళ్లకే అక్కడ ఆ మాట దక్కింది.

రెండో ఆయత్ ఇంకా ఆలోచించదగ్గది. అక్కడ రాసిఖ్ అన్న మాట ముస్లింల గురించి కాదు. యూదుల గురించి చెబుతూ, వాళ్లలో కొందరి తప్పులు ఎత్తిచూపి, అయితే వాళ్లలోనూ జ్ఞానంలో వేళ్లూనినవాళ్లు ఉన్నారని చెప్పిన సందర్భం. వాళ్లూ అవతరించిన సందేశాన్ని విశ్వసిస్తారని ఆయత్ అంటుంది. ఒక జాతి మొత్తాన్ని ఒక్క మూసలో పోయకుండా, అందులోంచి మనుషుల్ని విడదీసి చూపించే చోట ఈ మాట వచ్చింది. మన మౌల్వీలు జుమా ఖుత్బాలో ఈ సంగతి ఎందుకో ఎక్కువగా చెప్పరు.

ఇక అఖీదా. ఈ మాట ఖురాన్‌లో లేదు. అక్కడ ఉన్నది ఈమాన్. అఖీదా తర్వాతి కాలపు ధర్మశాస్త్ర పండితుల మాట. దాని ధాతువుకు ముడి వేయడం అని అర్థం. నికా ఒప్పందాన్ని 'అఖ్ద్' అనేది అందుకే. ముడి వేయడం తప్పు కాదు. కుటుంబమూ, సమాజమూ ముడులతోనే నిలుస్తాయి. కానీ ఇల్మ్‌తో వచ్చిన రాసిఖ్ అన్న విశేషణం ఎప్పుడో అఖీదా మీదకు వచ్చి వాలింది. 'జ్ఞానంలో వేళ్లూనిన' అన్నదానికన్నా 'ముడిలో గట్టిపడిన' అన్నదే మనకు ఎక్కువ అలవాటైంది. చెట్టు వేరు నీళ్లకోసం లోపల వెతుక్కుంటూ పోతుంది. ముడి అలా పోదు, ఉన్నచోటే బిగుసుకుంటుంది. ఒక విశేషణం చోటు మారడంలో ఇంత తేడా ఉంది.

ఇప్పుడు తెలుగువైపు వద్దాం.

పాతుకుపోవడం అన్న మాట 'పాతు' నుంచి వచ్చింది. పందిరికి గుంజ పాతుతాం. పొలం గట్టున హద్దురాయి పాతుతాం. శవాన్నీ పాతిపెడతాం. ధాన్యం దాచే గొయ్యి పాతర. ఒకే క్రియలో గుంజా, హద్దురాయీ, శవమూ, తిండిగింజా ఉన్నాయి. ఒక అభిప్రాయం పాతుకుపోయిందంటే అది వీటిలో ఏదైనా కావచ్చు. సేద్యం చేసేవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. తుంగ పైన కోస్తే పోదు. గడ్డ లోపల ఉంటుంది. వాన పడగానే మళ్లీ లేస్తుంది.

పండితుల తెలుగులో ఇంకో మాట ఉంది. రూఢి. పెరగడం, మొలవడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి వచ్చింది. 'రూఢిగా తెలుసు' అంటే సందేహం లేదని. వ్యాకరణంలో దీనికి ప్రత్యేకమైన అర్థం ఉంది. మాటలోని భాగాలను బట్టి వచ్చే అర్థం యౌగికం. దానితో సంబంధం లేకుండా వాడుకలో స్థిరపడిపోయిన అర్థం రూఢం. రెండూ కలిస్తే యోగరూఢం. దీనికి బడిలో పంతుళ్లు 'పంకజం' ఉదాహరణ చెబుతారు. బురదలో పుట్టేవి చాలా ఉన్నాయి, కానీ పంకజమంటే తామర ఒక్కటే. మాట పుట్టుక ఏదైనా వాడుకే దాని విలువ నిర్ణయిస్తుందన్నది అందులోని పాఠం.

'తురక' అలాంటి రూఢి పదం. తుర్కీ జాతి పేరు సంస్కృతంలో తురుష్క అయింది, తెలుగులో తురక అయింది. మొదట అది మతం పేరు కాదు. ఒక జాతి పేరు, గుర్రాలెక్కి వచ్చే సైన్యాల పేరు. 1323లో ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును పట్టుకున్నాక, కొద్ది ఏళ్లకే ప్రోలయ నాయకుడు వేయించిన విలస తామ్రశాసనం ఆ పాలకులను రాక్షసులతో పోల్చింది. అగ్రహారాలు లాక్కున్నారని, గుళ్లు పాడుచేశారని రాసింది. ఆ శాసనాన్ని దాచాల్సిన పనిలేదు. ఓడిన రాజ్యం కోపం అందులో ఉంది. కానీ కథ అక్కడితో ఆగలేదు. ఆ తర్వాత శతాబ్దాల్లో తెలుగు, కన్నడ దేశాల రచనలు దక్కన్ సుల్తాన్లను 'అశ్వపతులు' అన్నాయి. ఒరిస్సా రాజులు గజపతులు, విజయనగర రాజులు నరపతులు. ముగ్గురూ ఒకే వరసలో సింహాసనాల మీద ఉన్నారు. విజయనగర రాజులు పద్నాలుగో శతాబ్దం మధ్య నుంచే 'హిందూరాయ సురత్రాణ' అని బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణ అంటే సుల్తానే. హిందూ రాజుల్లో సుల్తాన్ అనిపించుకోవడం వాళ్లకు గౌరవంగా తోచింది. చరిత్రకారిణి సింథియా టాల్బట్ 1995లో రాసిన వ్యాసంలో ఆంధ్రదేశపు శాసనాలను కాలక్రమంలో పెట్టి చూపించింది. సరిహద్దు కదిలినప్పుడు, యుద్ధం ముదిరినప్పుడు తురకల మీద తిట్లు పెరిగాయి. రాజ్యాలు స్థిరపడ్డప్పుడు తగ్గాయి. అంటే ద్వేషం ఎప్పుడూ ఒకే తీరున లేదు. దానికి రుతువులున్నాయి.

ఇబ్రహీం కుతుబ్ షా సింహాసనం ఎక్కకముందు ఏడేళ్లు విజయనగరంలో రామరాయల దగ్గర ఆశ్రయంలో ఉన్నాడు. 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలాడు. తెలుగు కవులు అతన్ని 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అతనికే అంకితమిచ్చాడు. సంస్కృతపు తత్సమాలు లేకుండా అచ్చతెలుగులో వచ్చిన తొలి కావ్యం పొన్నగంటి తెలగనార్యుని 'యయాతి చరిత్రము'. అది అంకితమైంది అదే ఇబ్రహీం కొలువులోని అమీన్ ఖాన్‌కు. తెలుగును తెలుగుగానే వినాలన్న కోరికతో పుట్టిన తొలి కావ్యానికి కృతిభర్త ఒక తురక. ఇదే ఇబ్రహీం 1565లో రామరాయల మీద యుద్ధానికి వెళ్లిన సుల్తాన్లలో ఒకడు. ఆ రామరాయల సైన్యంలోనూ ముస్లిం సర్దార్లున్నారు. దీన్ని మత యుద్ధమని చెప్పాలంటే చాలా సంగతులు పక్కన పెట్టాలి. పక్కన పెట్టారు కూడా.

ఎవరు పెట్టారు? 1817లో జేమ్స్ మిల్ రాసిన 'బ్రిటిష్ ఇండియా చరిత్ర' ఈ దేశపు గతాన్ని హిందూ యుగం, ముస్లిం యుగం, బ్రిటిష్ యుగం అని మూడు ముక్కలు చేసింది. ఆయన ఈ దేశానికి ఒక్కసారి కూడా రాలేదు. కానీ ఆ విభజన బడి పుస్తకాల్లోకి దిగింది. మర్రిచెట్టు ఊడను చూశారు కదా. అది కింద నుంచి మొలవదు, పైనుంచి వేలాడి నేలను తాకి, కొన్నాళ్లకు తనే కాండమైపోతుంది. తర్వాత వచ్చినవాడికి ఏది మొదటి కాండమో, ఏది ఊడో తెలియదు. తురక అనే మాటలో ఇవాళ ఉన్న అర్థం చాలావరకు అలా పైనుంచి దిగిన ఊడే. గుంటూరు జిల్లాలో తరతరాలుగా తెలుగు తప్ప మరో మాట రాని దూదేకులామెకు తుర్కిస్తాన్‌తో ఏ సంబంధమూ లేదు. యౌగికార్థం ఆమెకు వర్తించదు. రూఢ్యర్థం మాత్రం ఆమె పుట్టకముందే ఆమెకోసం ఎదురుచూస్తూ ఉంది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ తన దీర్ఘకవితకు 'పుట్టుమచ్చ' అని పేరు పెట్టడంలోని బాధ ఇదే అనుకుంటాను. చేసిన నేరం లేకుండానే ఒంటిమీద ఉండే గుర్తు.

ఇంకో మాట చూద్దాం. 'రజాకారు'.

రజా అంటే సమ్మతి. కార్ అంటే పని చేసేవాడు. ఇష్టపడి పనిచేసేవాడు, స్వచ్ఛంద సేవకుడు. ఇవాళ్టికీ ఉర్దూ పత్రికల్లో వరద బాధితులకు అన్నం పొట్లాలు పంచేవాళ్లు రజాకార్లే. రక్తదానం 'రజాకారానా'గా చేశారని రాస్తారు. ఆ వార్తను తెలుగులోకి మార్చేటప్పుడు ఏ సబ్ ఎడిటరూ ఆ మాటను అలాగే ఉంచలేడు. ఉంచితే మర్నాడు పత్రికాఫీసు మీదకు జనం వస్తారు.

ఎందుకు రారు? ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు 1947, 48లలో తెలంగాణ పల్లెల్లో చేసిన దారుణాలు కట్టుకథలు కావు. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లిలో జరిగింది మరిచిపోమని అడిగే హక్కు ఎవరికీ లేదు. నా వాదన వేరు. ఆ మాట రూఢి అయ్యే క్రమంలో దాని కిందపడి ఏయే సంగతులు నలిగిపోయాయో కూడా చెప్పుకోవాలి. 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హైదరాబాద్ ఇండియాలో కలవాలని రాసినందుకు అదే 1948 ఆగస్టులో హత్యకు గురయ్యాడు. చంపింది రజాకార్లు. చచ్చిపోయింది ముస్లిం, పైగా ఉర్దూ పాత్రికేయుడు. విసునూరు దేశ్‌ముఖ్‌తో తన భూమి కోసం తలపడి ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ ముస్లిం. నిజాంకు వ్యతిరేకంగా కార్మికులను కూడగట్టిన మఖ్దూం మొహియుద్దీన్ ముస్లిం. దేశ్‌ముఖ్‌లలో అత్యధికులు హిందువులు. వాళ్లు తమ గడీలు కాపాడుకోవడానికి రజాకార్ల సాయం తీసుకున్నారు. ఈ లెక్కలన్నీ 'రజాకారు అంటే ముస్లిం' అన్న రూఢి కింద కనపడకుండా పోయాయి.

1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత ఏం జరిగిందో చూడటానికి కేంద్ర ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్‌ను పంపింది. ఆయనతోపాటు 'పయామ్' పత్రికను నడిపిన ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ కూడా తిరిగాడు. చర్య సమయంలోనూ, ఆ తర్వాతా ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని వాళ్ల అంచనా. ముస్లింలకు ఆశ్రయమిచ్చి కాపాడిన హిందువుల గురించి కూడా ఆ నివేదికలో ఉంది. దశాబ్దాలపాటు దాన్ని ప్రభుత్వం బయటపెట్టలేదు. 2013 ప్రాంతంలో గానీ ఢిల్లీలోని నెహ్రూ మ్యూజియం గ్రంథాలయంలో అది మామూలు పాఠకుల చేతికి రాలేదు. పాతిపెట్టడమంటే ఇది కూడా. ఒక సంగతిని పాతిపెడితేనే ఇంకో సంగతి పాతుకుపోతుంది. సెప్టెంబర్ 17ను విమోచనమందామా, విలీనమందామా, సమైక్యత అందామా అని పార్టీలు ఏటా కొట్లాడుకుంటున్నాయి. 2024లో 'రజాకార్' పేరుతో సినిమా కూడా వచ్చింది. షోయబుల్లా ఖాన్ పేరు మాత్రం ఏ సభలోనైనా ఒక నిమిషం వినిపించి పోతుంది.

మాటల్లోనే ఉన్న ఇంకో వేరు గురించి చెప్పాలి. తెలుగు వ్యాకరణం మాటలను తత్సమాలు, తద్భవాలు, దేశ్యాలు, అన్యదేశ్యాలు అని విడదీసింది. సంస్కృతం మాట మారకుండా వస్తే తత్సమం, అంటే 'దానితో సమానం'. ఉర్దూ, పారశీ, అరబ్బీ మాట వస్తే అన్యదేశ్యం, అంటే పరాయి దేశానిది. రెండూ బయటి నుంచి వచ్చినవే. ఒకటి బంధువు, ఒకటి పరాయి. బళ్లో పదేళ్ల పిల్లవాడు ఈ విభజనను కంఠతా పడతాడు. ఎవరూ ద్వేషం నేర్పించరు. వ్యాకరణమే నేర్పిస్తారు.

కానీ నేల సంగతి వేరు. అర్జీ, వకీలు, జవాబు, హామీ, వసూలు, బాకీ, ఖర్చు, ఖాళీ, తయారు, కబురు, కాగితం, కలం, బజారు, దుకాణం. ఇవి తీసేసి తెలుగులో ఒక పూట గడవదు. 1850లలో సి.పి. బ్రౌన్ తెలుగులో కలిసిపోయిన ఇలాంటి మాటలకోసమే ఒక నిఘంటువు కూర్చాడు. అన్నిటికన్నా లోతైన వేరు 'రైతు'ది. అరబ్బీ 'రఅయ్యత్' నుంచి వచ్చింది. కాపరి కాసే మంద, పాలకుడి రక్షణలోని ప్రజ అని మొదటి అర్థం. ఆ మాట పారశీ దఫ్తర్లలోంచి దక్కన్ పొలాల్లోకి దిగి తెలుగు నేలకు ప్రాణమైపోయింది. రైతు అన్న మాట తీసేసి తెలుగుతనం గురించి ఒక పాట రాయమనండి చూద్దాం. అరబ్బీ మాట ఇంత లోపలికి పోయినప్పుడు దాన్ని ఎవరూ తురక మాట అనలేదు. అదే తెలంగాణవాడు 'జర ఆగు' అన్నాడో, అతని భాషను 'తౌరక్యాంధ్రం' అని వెక్కిరించారు. ముస్లిం మీదున్న చిన్నచూపు ముస్లిం దగ్గరే ఆగదని, దాపున ఉన్నవాళ్లకూ అంటుకుంటుందని ఈ ఒక్క మాట చెబుతుంది.

సెక్యులర్ మిత్రులు ఒక మాట అంటుంటారు. జనం మంచివాళ్లే, రాజకీయ నాయకులు రెచ్చగొడతారు అని. సగం నిజం. రెచ్చగొట్టడానికి కింద గడ్డ ఉండాలి. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మస్జిద్‌లో బాంబు పేలింది. నమాజుకు వచ్చినవాళ్లు చచ్చిపోయారు. మస్జిద్‌లో పేలినా పోలీసులు పట్టుకుపోయింది పాతబస్తీ ముస్లిం యువకులనే. కస్టడీలో హింసించారని మైనారిటీస్ కమిషన్ తరఫున జరిగిన విచారణలో తేలింది. తర్వాత వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. కొన్నేళ్లకు ప్రభుత్వం నష్టపరిహారం ప్రకటించి, వాళ్ల నడవడి మంచిదేనని సర్టిఫికెట్లు ఇచ్చింది. ఆ పరిహారాన్ని 2013లో హైకోర్టు కొట్టేసింది. ఇక్కడ నన్ను తొలిచేది సర్టిఫికెట్. మంచివాడినని కాగితం చేతిలో పట్టుకు తిరగాల్సిన అవసరం ఎవరికి వస్తుంది? చెడ్డవాడన్న రూఢి ముందే ఉన్నవాడికి.

2020 మార్చిలో కరోనా వచ్చింది. ఢిల్లీలో తబ్లీగీ జమాత్ సమావేశం నుంచి వచ్చినవాళ్లకు వైరస్ సోకిందన్న వార్త పుట్టిన వారం లోపలే దేశమంతటా కూరగాయల బండి తోసుకునేవాడి పేరు అడిగే పరిస్థితి వచ్చింది. ఆ ఆగస్టులోనే బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ జమాతీల మీది కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులుగా ఎంచుకున్నట్టుందని అన్నది. తీర్పు పత్రికల లోపలి పేజీల్లో వచ్చింది. ఆరోపణ మొదటి పేజీలో వచ్చింది. ఒక్క వానకు మొలిచింది కాబట్టి గడ్డ అంతకుముందే ఉందని అర్థం.

ఇక మనవైపు.

బయటివాళ్ల జెహన్‌లో రాసిఖ్ అయిన తఅస్సుబ్ గురించి ఎంతైనా రాస్తాం. మనలో రాసిఖ్ అయినదాని గురించి అడిగితే 'కౌమ్ పరువు తీయకు' అంటారు. ముస్లింలలో కులం లేదన్నది మనం గట్టిగా వేసుకున్న ముడి. దీన్‌లో లేదు, నిజమే. షాదీ ఖానాలో ఉంది. దూది ఏకి పరుపులు కుట్టి బతికిన దూదేకుల ఇంట పిల్లనిచ్చే షరీఫ్ ఖాందాన్ ఎంతమందికి తెలుసో చెప్పండి. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుడు సిద్దయ్య దూదేకులవాడు. తెలుగు పల్లె అంతా ఆ పేరు తలుచుకుంటుంది. మనం తలుచుకోం, ఎందుకంటే అతను మన అఖీదా ముడిలో ఇమడడు.

2007లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టం ముస్లింలలో 14 తరగతులను సామాజికంగా వెనుకబడినవారిగా గుర్తించి నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఆ జాబితా చదివితే మన సమాజం మన ముందు నిలబడుతుంది. అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు, ఫకీర్లు, గారడీ ముస్లింలు, హజాములు, ఖురేషీలు, లబ్బీలు, సిద్దీలు, తురక కాశలు. బట్టలుతికేవాళ్లు, క్షవరం చేసేవాళ్లు, మాంసం కొట్టేవాళ్లు, గారడీ ఆడించేవాళ్లు. తురక అన్న తిట్టుమాటే ఒక చిన్న తరగతి పేరులో భాగమై ప్రభుత్వ గెజిట్‌లో కూర్చుంది. ఒకప్పటి పాలకులు మీరు, మీకెందుకు రిజర్వేషన్లు అని అడిగేవాళ్లకు ఈ జాబితా చాలు. ఇస్లాంలో కులమే లేదు కదా, అడగడమెందుకు అనే మన పెద్దలకూ ఇదే జాబితా చాలు. ఎదురెదురుగా నిలబడి వాదించుకునే ఈ ఇద్దరూ చివరికి ఆ హజాం కొడుక్కి సీటు రాకుండా చేయడంలో ఒకటవుతారు.

భాష సంగతీ అంతే. ముస్లిం అంటే ఉర్దూ అన్న రూఢి బయటివాళ్లలో ఎంత ఉందో మనలోనూ అంతే ఉంది. ఉర్దూ మాధ్యమంతో 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం 1948 తర్వాత ఇంగ్లీషుకు మారింది. ఉర్దూ చదివితే ఉద్యోగం లేని రోజులొచ్చాయి. జిల్లాల్లో మన పిల్లలు తెలుగు బళ్లలో కూర్చున్నారు. అక్కడ నేర్చుకున్న తెలుగులోనే 1990లలో ముస్లింవాద కవిత్వం వచ్చింది. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' వచ్చింది. తమ బాధ చెప్పుకోవడానికి తెలుగును ఎంచుకున్న ఆ కవులను చూసి ఉర్దూ పెద్దలు అది మన జబాన్ కాదన్నారు. తెలుగు పెద్దలు అందులోని ఉర్దూ మాటలకు అర్థాలు అడిగారు. ఒకరికి తక్కువ ముస్లింలు, ఇంకొకరికి తక్కువ తెలుగువాళ్లు. పీర్ల పండుగ చూడండి. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయప్ప దగ్గర కులమతాలు లేకుండా జనం నిప్పుల గుండం తొక్కుతారు. అది బిద్అత్ అని మనవాళ్లు, అది మా ఆచారంలోంచే వచ్చిందని మరికొందరు. ఇద్దరికీ ఆ జాతరకొచ్చే మనుషులతో పనిలేదు.

ఇవన్నీ చెబితే మనం ఇరువైపులా ఒకేలా ఉన్నామని తేల్చినట్టు కాదు. అలా తేల్చడం అన్యాయం. మన లోపలి ముడులతో మన హజాం కొడుకు నష్టపోతాడు. బయటివాళ్ల రూఢితో అతను జైలుకు పోవచ్చు, అద్దెకు ఇల్లు దొరక్కపోవచ్చు, వీధిలో దెబ్బలు తినవచ్చు. అధికారం ఎవరి దగ్గరుందన్నదాన్ని బట్టి ఒకే క్రియకు బరువు మారుతుంది. 2006లో సచార్ కమిటీ చదువులో, ఉద్యోగాల్లో, అప్పు పుట్టడంలో మనం ఎక్కడున్నామో దేశానికి లెక్కలతో చూపించింది. బరువు ఎటుందో అందులో ఉంది. అయినా మన ముడిని మనం విప్పుకోకుండా ఎదుటివాడి వేరు గురించి మాట్లాడితే, వినేవాడు వినడు. మన పిల్లలు కూడా వినరు.

ఖురాన్‌లో ముడి అన్న మాట ఇంకోచోట వస్తుంది. ఫిరౌన్ దగ్గరికి వెళ్లబోతూ మూసా ప్రవక్త తన నాలుక మీది ముడి విప్పమని ప్రార్థిస్తాడు. తన మాట జనానికి అర్థం కావాలన్నది ఆ ప్రార్థనలోని కోరిక. అధికారం ముందు నిలబడి మాట్లాడబోయేవాడు కోరుకున్నది గట్టి ముడి కాదు, విప్పిన ముడి.

జ్ఞానంలో రాసిఖ్ కావడం ఎలా ఉంటుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. ఖురాన్‌ను తొలిసారి తెలుగులోకి తెచ్చినవాడు చిలుకూరి నారాయణరావు, ఇరవయ్యో శతాబ్దపు మూడో దశాబ్దంలో. ఆయన ముస్లిం కాదు. భాషాశాస్త్రం తెలిసిన పండితుడు. పిఠాపురంలో ఉమర్ అలీషా తెలుగులో పద్యాలు, నాటకాలు రాశాడు. ఆయన ముస్లిం, సూఫీ పీఠానికి పెద్ద. దాశరథి గాలిబ్‌ను 1961లో తెలుగు చేశాడు. నిజాం జైలులో మగ్గిన మనిషి నిజాం దర్బారు భాషలోని కవిని ప్రేమించాడు. పాలకుడి మీది కోపాన్ని భాష మీదకు పోనివ్వలేదు. వీళ్లెవరూ తమ వేళ్లు తెంచుకోలేదు. అన్నిసా సూరాలోని ఆయత్ 'వాళ్లలోనూ ఉన్నారు' అన్నది ఇలాంటివాళ్ల గురించే అనుకుంటే తప్పేమీ లేదు. 'వాళ్లు' ఎవరన్నది చదివేవాడు ఎక్కడ నిలబడి చదువుతున్నాడన్నదాన్ని బట్టి మారుతుంది.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు, కానీ రోజూ చేయాల్సింది. నేరం వార్తలో నిందితుడి మతం ఎందుకు రాశారని పత్రికను అడగాలి. పాఠ్యపుస్తకంలో షోయబుల్లా ఖాన్‌కు ఎన్ని వాక్యాలున్నాయో, రజాకార్లకు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. జుమా రోజు ఖుత్బా తెలుగులో చెప్పమని తెలుగు మాత్రమే వచ్చిన దూదేకుల ముసలమ్మ తరఫున మస్జిద్ కమిటీని అడగాలి. అడిగినప్పుడు రాసిఖుల్ అఖీదా కాదని మనల్ని అంటారు. అననివ్వండి. ఆ మాట మొదట దేనితో కలిసి వచ్చిందో వాళ్లకూ గుర్తు చేద్దాం.